సాయంత్రం లేచే గీత

మా ఇంట్లో కంపెనీ అనే మాటను ఎవరూ తేలిగ్గా వాడరు. తాత చిత్తూరు పల్లె విడిచి కేజీఎఫ్ బంగారు గనుల్లో దిగిన నాటి నుంచి ఉండే ఇల్లు, కొళాయిలో నీళ్ళు, జ్వరమొస్తే మందు, అన్నీ కంపెనీ నుంచే వచ్చాయి. గనులు మూతపడి చాలా కాలమైంది. అయినా ఆ మాట మీద గౌరవం పోలేదు. పెళ్ళి సంబంధాలప్పుడు ‘పిల్లోడు కంపెనీలో ఉండాడు’ అంటే చాలు, మావాళ్ళు తమలపాకులు చేతికి తీసుకుంటారు. ఏ కంపెనీ, అది ఏం చేస్తుంది, జీతం ఎక్కడి నుంచి ఇస్తుంది అని అడిగేది నేనొక్కదాన్నే. అందుకే నన్ను సంబంధాలు చూడటానికి పిలవడం మానేశారు.

అడగడం నా వృత్తి. చాలా ఏళ్ళు కేజీఎఫ్ నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయేదాన్ని. అక్కడ ఒక పెట్టుబడి సంస్థలో, డబ్బు కావాలని వచ్చే చిన్న టెక్నాలజీ కంపెనీల సంగతి చదివి, పెట్టొచ్చా వద్దా అని రాసివ్వాలి. ఇప్పుడు రైలు మానేసి, ఇంటి వరండాలోంచే అదే పని చేస్తున్నాను. ఆ కంపెనీలు చెప్పే మాటలు చీరల ఫ్యాషన్‌లా మారిపోతుంటాయి. కొన్నాళ్ళు అందరిదీ ప్లాట్‌ఫామే. ఆ తర్వాత అందరికీ బ్లాక్‌చెయిన్ వచ్చింది. ఇప్పుడు ఏఐ లేని కాగితం నా చేతికి రావడం లేదు. నేను ముందు అలాంటి మాటలన్నీ కొట్టేసి, మిగిలింది చదువుతాను. చాలాసార్లు మిగిలేది వ్యవస్థాపకుడి ఫోటో ఒక్కటే. ఏదైనా మిగిలితే ఒక ప్రశ్న వేస్తాను. ఈ వస్తువును రేపు వెనక్కి తీసేసుకుంటే, ఇంటి ముందు నిలబడి గొడవ చేసేవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఉంటే ఇంకా మాట్లాడదాం. లేకపోతే టీ తాగి వెళ్ళిపోవచ్చు.

ఈ ప్రశ్న పరాయివాళ్ళను అడగడం చాలా సులభం. మా అన్న కొడుకు కంపెనీ పెట్టాక తెలిసింది, ఇంటివాళ్ళను అడగడం ఎంత కష్టమో.

వాడు ఇంజినీరు. కోలారు ఊరి చివర తమకలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని పట్టుపురుగులు పెంచే రైతుల కోసం ఒక చిన్న పెట్టె తయారుచేశాడు. అరచేతిలో పట్టేంత తెల్ల పెట్టె. పురుగులు పెంచే గదిలో గోడకు తగిలిస్తే, అక్కడి వేడినీ తేమనూ కొలిచి ఆఫీసుకు పంపుతుంది. గది వేడెక్కితే రైతు ఫోన్‌కు హెచ్చరిక వస్తుంది. పెట్టెలను ముందు ఊరికే ఇచ్చాడు. తర్వాత నెలకింత అని తీసుకుంటాడట. మొదటి విడత పెట్టెలను అట్టపెట్టెల్లో సర్దుకుని కురుడుమలె వినాయకుడి గుడికి తీసుకుపోయి, పూజ చేయించి, ఒక్కొక్క దానికీ కుంకుమ బొట్టు పెట్టించి మరీ పంచాడు. మా వదిన ఆ ఫోటోలు అందరికీ పంపింది. మా ఇంట్లోనే ఒక కంపెనీ పుట్టిందని అన్న ఎంత పొంగిపోయాడో చెప్పలేను. నాకూ గర్వంగానే ఉండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

గొడవ మా అక్క ఇంట మొదలైంది. అక్కా బావా నంగలి దగ్గర ఒక పల్లెలో ఉంటారు. రాగులు పండిస్తారు, పట్టుపురుగులు పెంచుతారు. పురుగులకు మల్బరీ ఆకు కోసే తోటలో పెద్ద ముక్క కొత్త రోడ్డు కింద పోయింది. దానికి వచ్చిన పరిహారం బ్యాంకులో ఉంది. దానితో ఊరి పక్కనే బోరున్న తోట ఒకటి కొనాలని మాట్లాడుకున్నారు. అమ్మే ఆయన కూడా ఒప్పుకున్నాడు. అంతలో బావ మనసు మార్చుకున్నాడు. ఆ డబ్బంతా మా అన్న కొడుకు కంపెనీలో పెడతానన్నాడు. బెంగళూరు నుంచి పెద్ద పెట్టుబడిదారులు వస్తున్నారట. సొంతవాళ్ళు కొంత పెడితే తామూ పెడతామన్నారట. సోమవారం తమక ఆఫీసులో అందరూ కలిసి సంతకాలు.

అక్క ఫోన్ చేసింది. “ఆ దుడ్డు పోతే మాకు ఇంగ తోట లేదు మే. ఊరివాళ్ళ దగ్గర ఆకు కొని పురుగులు మేపాల. పెట్టొచ్చంటే పెడదాం, నేనేం అడ్డం చెప్పను. నువ్వొకసారి చూసి చెప్పు. నువ్వు చెప్తే మీ బావ వింటాడు.”

బావ నా మాట వింటాడన్నది అక్క నమ్మకం. ఆయన నన్ను గౌరవిస్తాడు. వినడం వేరే సంగతి. అయినా గురువారం బస్సెక్కి తమక పోయాను.

షెడ్డు శుభ్రంగా ఉంది. కుర్రవాళ్ళు నలుగురైదుగురు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. అల్లుడు, అదే మా అన్న కొడుకు, నాకు నీళ్ళిచ్చి, కుర్చీ వేసి, గోడ మీద బొమ్మలు వేసి చూపించడం మొదలుపెట్టాడు. డీప్ టెక్ అన్నాడు. ఎకోసిస్టం అన్నాడు. ఏఐతో పురుగు ఆరోగ్యాన్ని ముందే పసిగడతామన్నాడు. నేను చెయ్యెత్తాను.

“అవన్నీ బెంగళూరు వాళ్ళకు చెప్పు నాయనా. పెట్టెలు పనిచేస్తున్నాయా?”

“అన్నీ ఆన్‌లోనే ఉండాయి అత్తా. ఒక్కటీ ఆఫ్ అయింది లేదు. ఊరికే ఇచ్చిన వస్తువును ఇంత బాగా వాడే రైతులు యాడా లేరు అని ఇన్వెస్టర్లే అన్నారు.”

చూపించాడు. నిజమే. ప్రతి ఇంటికీ ఒక గీత. రోజంతా దాదాపు సమంగా పోయి, సాయంత్రమయ్యేసరికి కొంచెం పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతుంది. దాదాపు అన్ని ఇళ్ళల్లోనూ అంతే. శుక్రవారాలు ఇంకొంచెం ఎత్తు.

“సాయంత్రం ఎందుకు లేస్తుంది?”

“అదే మా ఏఐ కనిపెట్టింది అత్తా. సాయంత్రం మేతప్పుడు పురుగుల ఒంట్లో వేడి పుడతాది. ఇంతవరకు ఎవరూ దీన్ని ఇంత స్పష్టంగా చూపించలేదు.” వాడి ముఖం వెలిగిపోతోంది. బెంగళూరు వాళ్ళకు పంపిన కాగితంలో ఆ గీత మొదటి పేజీలోనే ఉంది.

నేను గీతను వెనక్కి జరిపించాను. అక్క ఇంట్లో కిందటి పంట పట్టుగూళ్ళు మార్కెట్‌కు పోయిన రోజులు నాకు తెలుసు. గూళ్ళు అమ్మాక పురుగుల ఇంటిని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, తలుపులన్నీ బార్లా తెరిచి కొన్నాళ్ళు ఖాళీగా వదిలేస్తారు. లోపల ఒక్క పురుగు ఉండదు. ఆ రోజుల్లోనూ అక్క ఇంటి గీత సాయంత్రం కాగానే లేచింది.

“పురుగులు లేని ఇంట్లో ఎవరు మేస్తున్నారు రా?”

వాడు ముందుకు వంగి చూశాడు. గోడలు పగటి ఎండను పట్టుకుని సాయంత్రం వదులుతాయేమో అన్నాడు. మరి శుక్రవారాల సంగతేమిటి అన్నాను. వాడి గొంతు మారింది. “నువ్వు ఇరవై ఏళ్ళ వెనకటి లెక్కలతో చూస్తా ఉండావు అత్తా. ఇప్పుడు ముందు స్కేల్ చేయాల, తప్పులు పోతాపోతా సరిదిద్దుకోవాల. అందరూ అట్లనే చేస్తారు.” అక్కడున్న కుర్రవాళ్ళు టైపు చేయడం ఆపేశారు. నాకు కోపం వచ్చింది. వాడి అత్తగా వచ్చిందో, నా వృత్తికి వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. గీతలు చూసుకోవడానికి నా ఫోన్‌లో ఏర్పాటు చేసివ్వమన్నాను. ఇచ్చాడు. దాచాలని వాడికి లేదు. ఆ సంగతి ఇక్కడ చెప్పితీరాలి.

మరుసటి రోజు నంగలి బస్సు పట్టుకున్నాను. దారిపొడవునా అవే లెక్కలు వేసుకున్నాను. పెట్టొచ్చని చెప్పి డబ్బు పోతే అక్కకు తోట ఉండదు. పెట్టొద్దని చెబితే సొంతవాళ్ళే పెట్టలేదని బెంగళూరు వాళ్ళు వెనక్కి తగ్గుతారు, అన్న నా ముఖం చూడడు. ఏదీ రుజువు లేకుండా చెప్పే మాట కాదు.

అక్క ఇంట్లో పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. పురుగు పొర విడిచే ముందు మేత మాని, తలెత్తి కదలకుండా ఉండే రోజులను మా వైపు జ్వరం అంటారు. ఆ రోజుల్లో పురుగుల ఇంట్లోకి చుట్టాలను రానివ్వరు. సెంటు వాసన, అగరొత్తి వాసన, కొత్త వస్తువు వాసన, ఏదీ తగలనివ్వరు. నేను బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచి, కిటికీ దగ్గరి నుంచే లోపల చూశాను. వరసగా తట్టలు, మూలన చీపురు, గోడకు పాత గడియారం. తెల్ల పెట్టె కనిపించలేదు.

“పెట్టె యాడ బావా?”

“ఉండాదిలేమ్మా. భద్రంగా ఉండాది. ఒక్క దినం గూడా ఆఫ్ చేయలేదు.” ఆయన తడిగోనె పిండుతూ చెప్పాడు.

అక్క వంటింట్లో ఉంది. సాయంత్రమైంది. దీపం పెట్టమంది. నేను చేతులు కడుక్కుని దేవుడి గూటి తలుపు తీశాను. వినాయకుడికీ వెంకటేశ్వరస్వామి పటానికీ నడుమ, కుంకుమ బొట్టుతో, చామంతి పువ్వుతో, ఆకుపచ్చ లైటు మినుకుమంటూ, అల్లుడి పెట్టె ఉంది. దాని వైరు పటం వెనక నుంచి ప్లగ్గుకు పోయింది. దానికి జానెడు దూరంలో దీపం కుంది.

నేను దీపం వెలిగించాను. అగ్గిపుల్ల చేతిలోనే ఉండగా ఫోన్ తీసి చూశాను. కాసేపటికి అక్క ఇంటి గీత పైకి లేచింది. శుక్రవారం కదా, అక్క వచ్చి రెండో దీపం కూడా పెట్టింది. గీత ఇంకా లేచింది. వెంటనే బావ ఫోన్ మోగింది. గది వేడెక్కింది, తడి గోనెపట్టా కట్టండి అని కంపెనీ హెచ్చరిక. బావ చదవకుండానే జేబులో వేసుకున్నాడు.

నవ్వొచ్చింది. ఆ వెంటనే గుర్తొచ్చింది. ఆ గీత బెంగళూరు కాగితంలో మొదటి పేజీ.

“దేవుడి గూట్లో పెట్టినారేం బావా?”

“కురుడుమలె వినాయకుని కాడ పూజ చేసి, బొట్టు పెట్టి ఇచ్చినాడు పిల్లోడు. దాన్ని తీసకపోయి ఆకుచెత్త మధ్యన తగిలించేదా? రాత్రంతా ఆ లైటు మినుకుమినుకు అంటా ఉంటాది. జరంలో ఉండే పురుగుకు అది పడదమ్మా. ఆన్‌లో పెట్టమన్నాడు, పెట్టినాము.”

“పురుగుల వేడి కొలిచేదానికి ఇచ్చినాడు బావా దాన్ని.”

“వేడి మాకు ఒంటికే తెలుస్తాది కదా.” ఆయన తప్పేమీ చేయలేదన్న నమ్మకంతో చెప్పాడు. నిజానికి చేయలేదు కూడా. చుట్టం ఇచ్చిన వస్తువును ఆయన ఇంతకంటే బాగా గౌరవించలేడు.

ఒక్క ఇంటిని చూసి తీర్పు చెప్పకూడదు. శనివారం పొద్దున్నే ఆ ఊళ్ళోనూ పక్క ఊళ్ళోనూ పెట్టెలున్న ఇళ్ళకు తిరిగాను. కంపెనీ వాళ్ళ అత్తనని చెప్పాను. పెట్టె వెనక్కి తీసుకుపోవాలేమో, ఇస్తారా అని అడిగాను. నా పాత ప్రశ్నే, కొంచెం నాటకం కలిపి. ఒక ముసలమ్మ లోపలికి పోయి పెట్టెతోపాటు రెండు అరటిపళ్ళు, తాంబూలం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒకాయన, దేవుడి దగ్గరి వస్తువును శనివారం కదిలించకూడదు, ఆదివారం వచ్చి తీసకపో అన్నాడు. ఒకామె, తీసకపోతే మంచిదేనమ్మా, ప్లగ్గు ఖాళీ అవుతాది, మిక్సీ పెట్టుకుంటాను అంది. ఒక్క ఇంట్లో మాత్రం పెట్టె పురుగుల ఇంటి తలుపు పైన కట్టి ఉంది. ఎందుకని అడిగితే దిష్టికి అన్నారు. గొడవ చేసినవాడు ఒక్కడు లేడు. అందరూ కాఫీ ఇచ్చారు.

సాయంత్రం బావను కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పాను. ఎవరికీ ఆ పెట్టె అక్కర లేదని, నెలకింత అని అడిగిన నాడు ఎవరూ ఇవ్వరని, ఏఐ చదువుతున్నది పురుగులను కాదు దీపాలనని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, “పెట్టె వేరే, కంపెనీ వేరేమ్మా” అన్నాడు.

“కంపెనీ అమ్మేది ఆ పెట్టెనే కదా బావా.”

“పిల్లోడు మనోడు. తెలివైనోడు. ఇది కాకుంటే ఇంకోటి చేస్తాడు. అంత పెద్ద బెంగళూరు వాళ్ళు చూడకనే పెడతా ఉండారా? నేను వెనక్కి పోతే వానికి తల కొట్టేసినట్టు అయితాది. రోడ్డు తీసుకున్న భూమి ఎట్లనూ పోయింది. ఈ దుడ్డు మనోడికన్నా పనికొస్తే చాలు.”

అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా నేను కంపెనీల గురించి రాసింది ఏదీ బావకు జవాబు కాదు. ఆయన కంపెనీలో డబ్బు పెట్టడం లేదు, మనిషిలో పెడుతున్నాడు. ఒక రకంగా చూస్తే అది మూర్ఖమైన పద్ధతి కూడా కాదు. మంచి పెట్టుబడిదారులు చాలామంది ఆఖరికి చూసేది అదే. వస్తువు తప్పని తెలిసిన రోజు ఆ మనిషి ఏం చేస్తాడు అన్నది. ఆ రోజు అల్లుడికి ఇంకా రాలేదు.

అల్లుడికి ఫోన్ చేసి, ఆదివారం రమ్మన్నాను. ఏమిటని అడిగాడు. వచ్చి చూడు అన్నాను.

ఆదివారం ఎండ తిరిగే వేళకు బైకు మీద వచ్చాడు. ముఖం అలిసిపోయి ఉంది. మరుసటి రోజు వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చానని అక్కతో చెప్పాడు. బావ పురుగులకు మేత వేసి, ఇంటి పక్కన తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను అల్లుణ్ణి లోపలికి పిలిచి దేవుడి గూటి తలుపు తీశాను. దీపం కుందిలో నూనె పోసి వెలిగించాను.

వాడు పెట్టెను చూశాడు. దీపాన్ని చూశాడు. ఫోన్ తీశాడు. అందులో గీత పైకి లేవడం చూశాడు.

“అందరూ ఇట్లనే పెట్టినారా అత్తా?”

“నేను చూసిన ఇళ్ళల్లో, ఒక్క ఇల్లు తప్ప. ఆ ఇంట్లో దిష్టికి కట్టినారు.”

వాడు బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నేను ఎత్తుకుని పెంచిన పిల్లవాడు. ఆ నిమిషంలో వాడు ఏడ్చి ఉంటే, లేదా నన్ను తిట్టి ఉంటే, నేనే బావతో పోనీలే పెట్టు బావా అనేదాన్నేమో. అంత బలహీనంగా ఉన్నాను. వాడు అవేవీ చేయలేదు. ముఖం తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

“రేపొక్క దినం ఈ మాట మన మధ్యనే ఉండనీ అత్తా. సైన్లు అయిపోతానే పెట్టెలన్నీ నేనే తిరిగి పురుగుల ఇండ్లల్లోకి మారుస్తాను. కొత్త డేటా వస్తాది. అంతా సర్దుకుంటాది. ఒక్క దినమే.”

నేను నోరు తెరిచేలోగా తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది. బావ చెంబు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

“రేపు నేను గూడా సైను చేయాల కదప్పా” అన్నాడు.

అల్లుడు తలెత్తి చూశాడు. ఆ సంగతి వాడికి అప్పుడే గుర్తొచ్చిందని నేను ఒట్టేసి చెప్పగలను. దాచమన్నది బెంగళూరు వాళ్ళ దగ్గర. ఆ వరసలో తన మామ కూడా ఉన్నాడని వాడికి తట్టలేదు.

“మామా, అది కాదు. నీ దుడ్డు నేను…”

“దుడ్డు మాట ఇప్పుడొద్దు.” బావ కోపంగా లేడు. పురుగుల ఇంట్లో మాట్లాడేంత మెల్లగా మాట్లాడుతున్నాడు. “నాకు ఎప్పుడు చెప్తా ఉంటివి? సైనుకు ముందరా, వెనకా?”

అక్క గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అల్లుడి పెదవులు కదిలాయి. ముందరే అనడం ఎంత సులభం. అంటే బావ నమ్మేవాడు. మా అందరికీ ఆ సంగతి తెలుసు. వాడికీ తెలుసు.

“వెనకే చెప్తా ఉంటిని మామా” అన్నాడు.

బావ చెంబు తొట్టి గట్టు మీద పెట్టాడు. తడిచేతిని పంచెకు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి, వాడి ముందరే తోట అమ్మే ఆయనకు చేశాడు. రేపు పొద్దున వస్తానప్పా, రాసుకుందాం అన్నాడు. అల్లుడు తల ఎత్తలేదు. నేను పోయి వాడి పక్కన మెట్టు మీద కూర్చున్నాను.